శాలువాకు చోటుంది, పుస్తకాలకే లేదు

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయాలకు పండగ. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు వ్యాసరచన, ఆడవాళ్లకు ముగ్గులు, చివరి రోజు అందరికీ బహుమతులు. ఈ వారంలో ఏదో ఒక సాయంత్రం "పుస్తక వితరణ" అనే అంశం తప్పకుండా ఉంటుంది. ఊళ్లో పేరున్న పెద్దాయన గానీ, కాలం చేసిన పెద్దాయన కొడుకు గానీ, ఇంట్లో ఒక తరం పాటు పేరుకున్న పుస్తకాలను గ్రంథాలయానికి అప్పగిస్తారు. వేదిక మీద చేతులు మారేవి పైనున్న నాలుగు పుస్తకాలే. మిగతావి బయట ట్రాలీ ఆటోలో గోనెసంచుల్లో ఎదురుచూస్తుంటాయి. శాలువా, జ్ఞాపిక, ఫొటో, మర్నాడు జిల్లా పేజీలో వార్త. ఆ వార్తలో పుస్తకాల సంఖ్య ఉంటుంది, ఏ పుస్తకాలో ఉండదు. సంఖ్య కూడా మూడు వేలు, అయిదు వేలు అంటూ గుండ్రంగా ముగుస్తుంది. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు.

అదే గ్రంథాలయానికి జనవరిలో ఒక మామూలు మంగళవారం నాడు, రిటైరై పోయిన తెలుగు మాస్టారి భార్య వస్తుందనుకోండి. వెంట ఎమ్మెల్యే లేడు, విలేకరి లేడు. "మా ఆయన పుస్తకాలు బాబూ, 1930ల నాటి పత్రికలు కూడా ఉన్నాయి, తీసుకుంటారా" అంటుంది. జవాబు ఠంచనుగా వస్తుంది: "చోటు లేదమ్మా. పైవాళ్ల పర్మిషన్ కావాలి. అయినా పాతవి కదా, చెదలు పట్టి ఉంటాయి." భవనం అదే, బీరువాలు అవే. నవంబర్‌లో అయిదు వేల పుస్తకాలకు దొరికిన చోటు జనవరికల్లా ఎటు పోయిందో ఆ భవనానికే తెలియాలి.

దానంగా వచ్చే ప్రత్యేక సేకరణలను గ్రంథాలయాలు ఎలా పరిశీలించి నిర్ణయిస్తాయన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో పొడుగాటి జవాబులున్నాయి. సేకరణ విధానానికి సరిపోతుందా, స్థితి ఎలా ఉంది, హక్కులు ఎవరివి, ఖర్చెంత. ఆచరణలో ప్రశ్న ఒక్కటే: ఇస్తున్నదెవరు? పుస్తకాల మూట విప్పకముందే దాత ముఖం చూసి తీర్పు రాసేస్తారు. దాత ఘనుడైతే ఏం ఇచ్చినా "అమూల్య సంపద". కాకపోతే అమూల్య సంపద తెచ్చినా "పాత కాగితాలు". రెండు సందర్భాల్లోనూ మూట విప్పేవాళ్లు లేరు. అదొక్కటే ఈ పద్ధతిలో ఉన్న సమానత్వం.

దీన్ని వెనకేసుకొచ్చేవాళ్ల దగ్గర ఒక పెద్ద అస్త్రం ఉంది: "ఊరికే వస్తున్నాయి కదండీ." దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదని సామెత. ఆవు సంగతి ఎలా ఉన్నా, పుస్తకాలకు పళ్లు లెక్కపెట్టడమే లైబ్రేరియన్ ఉద్యోగం. అయిదు వేల పుస్తకాలు అంటే ఎంతో ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. పుస్తకం మందం సగటున రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే, వరసగా నిలబెట్టడానికి 125 మీటర్ల అర కావాలి. మూడడుగుల వెడల్పున అయిదు అరలుండే ర్యాకులు ఇరవై ఎనిమిది. ఒక మనిషి రోజుకు ఇరవై పుస్తకాల చొప్పున చూసి, వర్గీకరించి, రిజిస్టరులో ఎక్కించి, నంబరు అంటించాడనుకుంటే 250 పనిదినాలు. సెలవులు పోను అది నిండా ఒక సంవత్సరం. ఆ సంవత్సరమంతా ఆ మనిషి ఇంకో పని ముట్టుకోకూడదు. ఆ "మనిషి" మాత్రం చాలా చోట్ల మూడు శాఖా గ్రంథాలయాలకు ఇన్‌ఛార్జి. పొద్దున ఒక తాళం, సాయంత్రం ఇంకో తాళం తియ్యడంతోనే ఆయనకు రోజు గడిచిపోతుంది.

ఇందుకు డబ్బు ఎక్కడిది అంటే చట్టంలో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేయమంది. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. ప్రజలు కడుతున్నారు, స్థానిక సంస్థలు వసూలు చేస్తున్నాయి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు మాత్రం అది బకాయిల రూపంలో కనిపిస్తుంది. ఇంటి యజమాని అక్షరాల కోసం కట్టిన ఎనిమిది పైసలు అక్షరాల దాకా రావడానికి ఏళ్లు పడుతుంటే, "ఊరికే వచ్చిన" అయిదు వేల పుస్తకాలను ఎవరి జీతంతో కేటలాగు చేస్తారు? ఈ ప్రశ్న వేదిక మీద ఎవరూ వెయ్యరు. వేస్తే శాలువా చల్లారిపోతుంది.

తీసుకోవడమే గౌరవం, తిరస్కరించడం అవమానం అన్న నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో జపాన్‌లో క్యోటో నగరం చూపించింది. కువబారా తకేవో అక్కడ పెద్ద పేరున్న ఫ్రెంచి సాహిత్య పండితుడు. 1988లో ఆయన పోయాక కుటుంబం ఆయన పుస్తకాలను నగరానికి ఇచ్చింది. పదివేలకు పైగా సంపుటాలు. మొదట ఆయన పేర ఒక స్మారక గది. తర్వాత ఆ పుస్తకాలను ఒక గ్రంథాలయానికి తరలించారు, అక్కడి నుంచి ఇంకో గ్రంథాలయం గోదాముకు. 2015లో చోటు చాలడం లేదని, మన దగ్గర ఉన్నవే చాలా ఉన్నాయని, అంతా కలిపి పారేశారు. కుటుంబానికి మాట మాత్రం చెప్పలేదు. 2017లో ఎవరో ఆరా తీస్తే గాని సంగతి బయటపడలేదు. నగరం క్షమాపణ చెప్పింది, అనుమతించిన అధికారిణికి హోదా తగ్గించింది.

జపాన్ వాళ్లు కనుక పత్రికల్లో వచ్చింది, క్షమాపణ చెప్పారు, శిక్ష పడింది. ఇక్కడైతే పారేసిన సంగతి తెలియాలంటే ముందు ఉన్న సంగతి ఎక్కడో రాసి ఉండాలి. యాక్సెషన్ రిజిస్టరులోకి ఎక్కని పుస్తకానికి పుట్టుకే నమోదు కాలేదు, ఇక మరణ ధ్రువీకరణ ఎవరిస్తారు? దానం తీసుకుని రిజిస్టరులో రాయకపోవడంలో ఉన్న సౌకర్యం ఇదే. ఏ ఆడిటరూ దాన్ని అడగలేడు.

ఇప్పుడు తిరస్కారాల సంగతి. గ్రంథాలయాల దగ్గర తిరస్కరించడానికి నాలుగు ముద్రలు సిద్ధంగా ఉంటాయి: డూప్లికేట్, చెత్త, ఎవరూ చదవరు, డిజిటల్‌లో ఉంది. నాలుగింటికీ ఘనమైన వంశావళి ఉంది.

"డూప్లికేట్" ముద్రకు మూలపురుషులు ఆక్స్‌ఫర్డ్ వాళ్లు. బోడ్లియన్ గ్రంథాలయానికి 1623లో షేక్‌స్పియర్ నాటకాల మొదటి ఫోలియో వచ్చింది. లండన్ ప్రచురణకర్తల సంఘం అచ్చయిన ప్రతి పుస్తకం ఒకటి పంపేలా 1610లోనే ఒప్పందం కుదిరింది కాబట్టి అది ఉచితంగానే వచ్చింది. 1660ల్లో మూడో ఫోలియో వచ్చింది. కొత్త కూర్పు చేతికొచ్చాక పాతది దండగే కదా అని, అక్కర్లేని మరికొన్ని పుస్తకాలతో కలిపి అమ్మేశారు. తర్కంలో ఏ లోపమూ లేదు. నేటికీ ఏ శాఖా గ్రంథాలయంలోనైనా ఇదే తర్కం వినిపిస్తుంది: "ఈ పుస్తకం కొత్త ప్రింటు మా దగ్గరుందండీ." 1905లో ఒక విద్యార్థి తన ఇంట్లో ఉన్న పాత పుస్తకం బైండింగు గురించి తెలుసుకుందామని బోడ్లియన్‌కు పట్టుకొచ్చాడు. చూస్తే అది వాళ్లు అమ్మేసిన ప్రతే. ఒకప్పుడు గొలుసుతో బిగించి ఉంచిన గుర్తు కూడా అట్ట మీద అలాగే ఉంది. ఈలోగా ఒక అమెరికా సంపన్నుడు దానికి 3,000 పౌండ్లు ఇస్తానన్నాడు. ఆక్స్‌ఫర్డ్ చందాలు పోగుచేసి, తను ఊరికే పొంది, అడ్డికి పావుసేరు అమ్ముకున్న పుస్తకాన్ని 1906లో 3,000 పౌండ్లకు తిరిగి కొనుక్కుంది.

ప్రత్యేక సేకరణకు డూప్లికేట్ ముద్ర వెయ్యడంలో ఇంకో తమాషా ఉంది. సేకరణను విడగొట్టి ఒక్కో పుస్తకాన్నీ పక్కన పెడితే ప్రతిదీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మార్జిన్లలో రాసుకున్న ఖండనలు, మధ్యలో పెట్టిన ఉత్తరాలు, పది మంది కవులు సంతకం చేసి ఇచ్చిన ప్రతులు, ఒకే కావ్యానికి అయిదు ప్రచురణలు పక్కపక్కన ఉండడం, ఇవన్నీ విడగొట్టగానే మాయమవుతాయి. ఒక మనిషి ముప్ఫై ఏళ్ల పాటు ఏది ఎందుకు కొన్నాడన్నదే సేకరణ. దాన్ని డూప్లికేట్ అనాలంటే అదే మనిషి ఇంకొకడు ఉండాలి.

"చెత్త" ముద్ర కూడా ఆక్స్‌ఫర్డ్‌దే, అదీ వ్యవస్థాపకుడు స్వయంగా చెక్కించింది. గ్రంథాలయానికి పేరిచ్చిన సర్ థామస్ బోడ్లీకి నాటకాలన్నా పంచాంగాలన్నా గిట్టదు. అలాంటి అల్లాటప్పా పుస్తకాలు చేరితే గ్రంథాలయానికి అప్రతిష్ఠ అని లైబ్రేరియన్‌కు లేఖలు రాశాడు. నాటకాల్లో నలభైకి ఒకటి నిలిపితే ఎక్కువని ఆయన లెక్క. షేక్‌స్పియర్ బతికున్న రోజుల్లో ఈ లెక్క వేసినవాడు ఇంగ్లండులో అందరికంటే చదువుకున్నవాళ్లలో ఒకడు.

తెలుగు నేల మీద ఈ ముద్ర ఇంకా బాగా అరిగింది. పెళ్లిళ్లలో పంచిన పద్య పత్రికలు, నాటక సమాజాల కరపత్రాలు, సినిమా హాలు ముందు అణాకు అమ్మిన పాటల పుస్తకాలు, బుర్రకథ బుక్‌లెట్లు, పాత పంచాంగాలు, రద్దయిన పాఠ్యపుస్తకాలు. దానంగా వచ్చిన మూటలోంచి మొట్టమొదట బయటికి విసిరేది ఇవే. అట్ట ఉన్న పుస్తకం నిలబడుతుంది, అట్ట లేని కాగితం తూకానికి వెళ్తుంది. అట్ట ఉన్నది ఎక్కడైనా దొరుకుతుంది, ఆ కాగితం మళ్లీ దొరకదు. వేమన పద్యాలను పండితులు కవిత్వం కిందే లెక్కకట్టని రోజుల్లో సి.పి. బ్రౌన్ సొంత డబ్బు పెట్టి తాళపత్రాలు వెతికించి, పండితులకు జీతాలిచ్చి పాఠాలు పరిష్కరింపజేశాడు. 1829లో అచ్చు వేశాడు. ఆయన రాతప్రతుల సేకరణ తర్వాత మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి మూల ధనాల్లో ఒకటైంది. ఆయన కాలంలో "ఇవి మన స్థాయికి తగవు" అని చెప్పగలిగిన వేదిక పండితుల చేతుల్లో ఉండి ఉంటే, పద్యాలకు దక్కేది చెదపురుగుల ఆదరణే.

చెత్త అని పేరుపడ్డదాన్ని ఏరుకున్న మరో ఇద్దరి కథ గ్రంథాలయ శాఖల వాళ్లు గోడకు కట్టుకోదగ్గది. తమిళనాడులో కోట్టయ్యూరుకు చెందిన రోజా ముత్తయ్య చెట్టియార్ సైన్‌బోర్డులు రాసుకునే కళాకారుడు. పుస్తకాలు, పత్రికలతో పాటు నాటకాల నోటీసులు, సినిమా పాటల పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు కూడా దాచాడు. దాదాపు లక్ష అంశాలు. 1992లో ఆయన పోయాక ఆ సేకరణను కొనడానికి ముందుకొచ్చింది షికాగో విశ్వవిద్యాలయం. కొని ఓడెక్కించకుండా మద్రాసులో ఉంచి, 1994లో పరిశోధన గ్రంథాలయంగా నిలబెట్టారు. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ పాత కాగితాల దుకాణాల్లో ఉర్దూ పత్రికలు, పుస్తకాలు ఏరి ఏరి పోగుచేశాడు. దాన్ని కూడా అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కలిసి కొని, హైదరాబాదులోనే సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉంచే ఏర్పాటు చేశాయి. ఉర్దూ రాజభాషగా ఏలిన నగరంలో ఉర్దూ పత్రికలు చెత్త కాదని తేల్చడానికి మిషిగన్ సరస్సు ఒడ్డునుంచి కబురు రావాల్సి వచ్చింది. అంతకు ముప్ఫై ఏళ్ల కిందటే, గోధుమలకు బదులుగా భారత్ రూపాయల్లో కట్టిన పి.ఎల్. 480 సొమ్ముతో, అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 1962 నుంచి ఇక్కడి భాషలన్నిటి పుస్తకాలూ కొని తన దేశపు విశ్వవిద్యాలయాలకు పంచింది. వాళ్లకు గోధుమలు మిగిలాయి, తెలుగు పుస్తకాలు కూడా మిగిలాయి.

ఇక్కడ ఒక ఎదురు ఉదాహరణ చెప్పకపోతే అన్యాయం. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పెద్ద నగరమేమీ కాని చోట ఉంది. పాత పత్రికల సంపుటాల కోసం దేశవిదేశాల పరిశోధకులు అక్కడికి వెళ్తారు. నిన్నటి పేపరు చిత్తుకాగితం, వందేళ్ల పేపరు చారిత్రక ఆధారం. మధ్యలో ఉన్న తొంభై తొమ్మిదేళ్లు దాన్ని ఎవరో ఒకరు బైండు చేయించి దాచాలి. వేటపాలెం వాళ్లు దాచారు. రాష్ట్ర రాజధానుల దగ్గర ఆ తొంభై తొమ్మిదేళ్లకు బడ్జెట్ హెడ్డు లేదు.

మూడో ముద్ర "ఎవరూ చదవరండీ". ఇది శాస్త్రీయంగా వినిపిస్తుంది కనుక కొంచెం ఆగి చూడాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ కెంట్ బృందం 1979లో ఒక అధ్యయనం ప్రచురించింది. 1969లో తమ ప్రధాన గ్రంథాలయం కొన్న పుస్తకాల్లో సుమారు 40 శాతం, 1975 ముగిసే దాకా ఒక్కసారి కూడా ఎవరింటికీ వెళ్లలేదు. అవి దానంగా వచ్చినవి కావు. నిపుణులు ఎంచి, డబ్బు పెట్టి, అవసరమని కొన్నవి. డబ్బిచ్చి కొన్నప్పుడు నలభై శాతం గురి తప్పే నిపుణులు, మూట విప్పకుండానే ఒక పండితుడి సేకరణను నూరు శాతం ఎవరూ చదవరని చెప్పగలగడం దివ్యదృష్టి కిందికి వస్తుంది. పైగా తెలుగునాట చదివే వాళ్లకు కనబడాలంటే పుస్తకం కేటలాగులో ఉండాలి. గోనెసంచిలో ఉన్న పుస్తకాన్ని ఎవరూ అడగడం లేదన్న గణాంకం నిజమే, సంచికి కాల్ నంబరు ఉండదు కదా.

నాలుగోది కొత్త ముద్ర, మెరుస్తూ ఉంటుంది: "స్కాన్ చేసేస్తాం, కాగితం ఎందుకు?" దీని తాతగారి పేరు మైక్రోఫిల్ము. ఫిల్ములున్నాయి కదా అని బ్రిటిష్ లైబ్రరీ 1999లో తన దగ్గరున్న అమెరికా దినపత్రికల అసలు సంపుటాలను వేలానికి పెట్టింది. నికల్సన్ బేకర్ అనే నవలాకారుడు తన రిటైర్మెంటు పొదుపు తీసి వాటిలో పెద్ద భాగం కొన్నాడు. దాచడానికి ఒక గోదాము అద్దెకు తీసుకున్నాడు. చివరికి 2004లో అవి డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ప్రభుత్వ గ్రంథాలయం అక్కర్లేదన్నదాన్ని ఒక నవలాకారుడు ముసలితనం కోసం దాచుకున్న డబ్బుతో కాపాడాల్సి వచ్చింది.

తెలుగులో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ అందరికీ తెలిసిందే. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి మొదలైనవాళ్ల పదిలక్షల పుస్తకాల కల నుంచి పుట్టింది. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, తెలుగు పరిశోధకులకు అది మేలు చేసిన మాట నిజం. అయితే వాటిని వెతికిపట్టడం ఒక ప్రత్యేక కళ. పుస్తకం పేర్లు తెలుగు రాని వేళ్లు రోమన్ అక్షరాల్లో కొట్టినట్టు ఉండేవి. ఒకే రచయిత నాలుగు స్పెల్లింగుల్లో నలుగురయ్యాడు. ఇంటిపేరు ముందో వెనకో ఎవరూ తేల్చలేదు. కొన్ని చోట్ల రచయిత, సంవత్సరం రెండూ గోత్రం లేని వాళ్లలా ఖాళీగా మిగిలాయి. ఆ తర్వాత ఆ సైటే కనబడకుండా పోయింది. ప్రతులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి కనుక బతికిపోయాయి. కేటలాగు చేసే మనిషి లేని చోట గోనెసంచిలో ఉన్న గందరగోళమే స్కానర్ గుండా కంప్యూటర్‌లోకి వెళ్తుంది. అక్కడ చెద పట్టకపోవచ్చు, దొరకదు మాత్రం.

దాత ముఖం చూసి తీర్పు చెప్పే అలవాటు ఇప్పటిది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాదిలో కైఫియత్తులు (ఊళ్ల చరిత్రలు), శాసనాలు, రాతప్రతులు సేకరించాడంటే ఆ పనిలో ప్రాణం కావలి సోదరులది. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. 1821లో మెకంజీ పోయాక ఆయన భార్య నుంచి ఈస్టిండియా కంపెనీ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. ఆ పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగిస్తానని కావలి వెంకట లక్ష్మయ్య ముందుకొచ్చాడు. ఏ కైఫియత్తు ఏ ఊళ్లో దొరికిందో ఆయనకంటే ఎక్కువ తెలిసినవాడు భూమ్మీద లేడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కమిటీ ఆ ప్రతిపాదనను పరిశీలించి, దేశీయుడు సహాయకుడిగా పనికొస్తాడు గాని పరిశోధనకు అధిపతిగా పనికిరాడని తేల్చింది. ఆ కాగితాలు చూసే పని తర్వాత రెవరెండ్ విలియం టేలర్ చేతికి పోయింది. అప్పుడు చూసింది చర్మం రంగు, ఇప్పుడు చూసేది వెంట వచ్చిన కార్ల సంఖ్య. పరిశీలన పద్ధతి చెక్కుచెదరలేదు.

దాతలేమీ పాలు తాగే పసివాళ్లు కారు. వాళ్ల షరతులు చదివితే నవ్వాగదు. "నాన్నగారి పేర ప్రత్యేక బీరువా. పైన ఫొటో. పుస్తకాలు ఇంటికివ్వకూడదు, వేరే పుస్తకాల్లో కలపకూడదు." సంస్థ దేనికైనా సంతకం పెట్టేస్తుంది. బీరువా వస్తుంది, ఫొటో వస్తుంది, తాళం వేస్తారు, తాళంచెవి బదిలీ అయిన ఉద్యోగి జేబులో వెళ్లిపోతుంది. షరతు నూరు శాతం అమలైనట్టే: పుస్తకం ఇంటికీ పోలేదు, ఇంకోదానితో కలవనూ లేదు.

షరతులు పెట్టడమూ ఒక విద్యే. ఇంగ్లిష్ డైరీ రచయిత సామ్యూల్ పీప్స్ తన మూడు వేల పుస్తకాలను కేంబ్రిడ్జిలో మాగ్డలిన్ కాలేజీకి వదిలాడు. ఒక్కటి చేర్చకూడదు, ఒక్కటి తీయకూడదు, తేడా వస్తే ట్రినిటీ కాలేజీకి పోతాయని రాసిపెట్టాడు. 1724లో వచ్చిన పుస్తకాలు నేటికీ ఆయన చేయించిన బీరువాల్లోనే ఉన్నాయి. ఆయన మాట మీద గౌరవంతోనా, ట్రినిటీ పట్టుకుపోతుందన్న భయంతోనా అంటే రెండోదే ఎక్కువని ఎవరైనా ఊహించగలరు.

డబ్బిచ్చే దాతలకూ పాఠాలున్నాయి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రాబర్ట్ మోరిన్ దాదాపు యాభై ఏళ్లు కేటలాగు పని చేశాడు. పాత కారు, చవక తిండి, ఖర్చులేని బతుకు. 2015లో పోయేటప్పుడు విశ్వవిద్యాలయానికి 40 లక్షల డాలర్లు వదిలాడు. గ్రంథాలయానికి అందులో లక్ష డాలర్లే ఇమ్మని రాసి, మిగతాదాని మీద షరతు పెట్టలేదు. విశ్వవిద్యాలయం అందులోంచి పది లక్షల డాలర్లు తీసి ఫుట్‌బాల్ స్టేడియంలో వీడియో స్కోర్‌బోర్డుకు ఖర్చు పెట్టింది. యాభై ఏళ్లు కార్డులు రాసిన మనిషి డబ్బుతో ఇప్పుడు పాయింట్ల లెక్క కనబడుతోంది.

గ్రంథాలయం లోపల ఏం జరుగుతుందో ఎరిగిన దాత ఎలా ఇస్తాడో ఎస్.ఆర్. రంగనాథన్ చూపించాడు. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాసినవాడు, గ్రంథాలయం పెరిగే జీవి అన్నవాడు, 1957లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లక్ష రూపాయలు ఇచ్చాడు. అది భార్య శారద పేర గ్రంథాలయ శాస్త్రంలో ఆచార్య పీఠం కోసం. పుస్తకాలకు కొరత లేదనీ, వాటిని పట్టించుకునే మనిషికి జీతమే కొరత అనీ తెలిసినవాడు చేసే దానం అలా ఉంటుంది. తండ్రి పుస్తకాలు ఇచ్చే కొడుకులు వాటితో పాటు ఒక ఏడాది పాటు ఒక కేటలాగర్ జీతం కూడా ఇస్తే, శాలువా ఒకటికి రెండు కప్పినా తప్పులేదు.

అమెరికాలో పెద్ద గ్రంథాలయాలు ఇప్పుడు సేకరణ తీసుకునే ముందే దాని మొత్తం నిర్వహణ భారం ఎంతో లెక్కకట్టాలంటున్నాయి. గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ 2021లో అందుకోసం ఒక పద్ధతి కూడా ప్రచురించింది. ఇంత హంగు ఇక్కడ అక్కర్లేదు. ఒక పేజీ చాలు. ఏ అంశాలు మా గ్రంథాలయం తీసుకుంటుంది, ఏవి తీసుకోదు. తీసుకునే ముందు ఎవరు వెళ్లి దాత ఇంట్లో చూస్తారు. మూడు వారాల్లో అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్తాం. కాదంటే ఏ గ్రంథాలయానికి పోతే ప్రయోజనమో కూడా చెప్తాం. అవునంటే రెండేళ్లలో కేటలాగు పూర్తిచేస్తాం. మూటలోంచి ఏదైనా తీసేస్తే ముందు కుటుంబాన్ని అడుగుతాం. తెలుగు మాస్టారి భార్యకు ఈ పేజీ ఇచ్చి "కాదు" అని చెప్పినా ఆమె కష్టపెట్టుకోదు. ఆ పుస్తకాలు సరైన చోటికి పోయే దారి తెలుస్తుంది, అబిడ్స్ ఫుట్‌పాత్‌కో విజయవాడ లెనిన్ సెంటర్‌కో కిలోల లెక్కన పోకుండా ఆగుతాయి. నిజానికి ఫుట్‌పాత్ వ్యాపారి వాటిని మూట విప్పి ఒక్కొక్కటీ తిరగేసి చూస్తాడు, ఆ విషయంలో ఆయన సంస్థలకంటే మెరుగు.

ఒక పేజీ నిబంధన అమలు కావాలంటే దానికి కోరలు కావాలి. అందుకు కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ మాథ్యూ పార్కర్ 1575 నాటికే దారి వేసి పోయాడు. ఆయన తన రాతప్రతులను కేంబ్రిడ్జిలో కార్పస్ క్రిస్టి కాలేజీకి ఇస్తూ ఇలా రాశాడు: ఏటా పక్క కాలేజీల వాళ్లు వచ్చి లెక్కపెట్టాలి. నిర్లక్ష్యంతో ఆరు పెద్ద పుస్తకాలో, ఎనిమిది మధ్యరకమో, పన్నెండు చిన్నవో పోయి, ఆరు నెలల్లో తిరిగి రాకపోతే సేకరణ మొత్తం గాన్‌విల్ అండ్ కీస్ కాలేజీకి పోతుంది. వాళ్లూ పోగొడితే ట్రినిటీ హాల్‌కు. వాళ్లూ పోగొడితే మళ్లీ కార్పస్‌కే. నాలుగున్నర శతాబ్దాలైనా ఆ సేకరణ ఇల్లు కదల్లేదు.

ఈ షరతును తెలుగు జిల్లాలకు యథాతథంగా తెచ్చుకోవచ్చు. ఏలూరు వాళ్ల దానపు పుస్తకాలు లెక్కపెట్టడానికి కృష్ణా వాళ్లు రావాలి, తక్కువైతే బండెక్కించుకుని పోవాలి. ఒక్కటే చిక్కు. కృష్ణా వాళ్లు లెక్కకు వచ్చిన మరుసటి నెలలో ఏలూరు వాళ్లు తిరుగు లెక్కకు బందరు వెళ్తారు. ఈ సంగతి రెండు వైపులా తెలుసు కనుక, ఏ జిల్లా సంస్థా ఇంకో జిల్లా మూట విప్పమని ఎన్నటికీ అడగదు.